ముందు దిగడం నేర్చుకోండి: కోనసీమ గట్ల నుంచి మారేడుమిల్లి కొండలకు సైకిల్ మీద

మాది కొత్తపేట. మోటార్ల రివైండింగ్ షాపు నాది. మా నాన్న ఇరిగేషన్‌లో లస్కరుగా పనిచేశాడు. కాలువ గట్టుకి గండి పడుతోందా, తూము షట్టరు ఎవరైనా ఎత్తేశారా అని రోజూ గట్టు వెంట సైకిల్ మీద చూసుకుంటూ వెళ్ళడమే ఆయన పని. చిన్నప్పుడు ముందు కడ్డీ మీద కూర్చుని ఆయనతో తిరిగాను. తర్వాత అదే సైకిల్ నేను తొక్కాను. ఆయన నాకు నేర్పింది ఒక్కటే మాట: "చక్రం కేసి చూడకు, పది గజాల ముందుకి చూడు."

పదేళ్ళ నుంచి గేర్ల సైకిల్ మీద రంపచోడవరం, మారేడుమిల్లి వైపు అడవి దారుల్లో తిరుగుతున్నాను. రావులపాలెం, అమలాపురం, అంబాజీపేట నుంచి కుర్రాళ్ళు షాపుకొచ్చి "అంకుల్, కొండెక్కాలంటే ఏం చెయ్యాలి?" అని అడుగుతుంటారు. వాళ్ళకి చెప్పేదే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మొదట చెప్పాల్సింది ఇది. డెల్టాలో పుట్టి పెరిగినవాళ్ళకి కొండ ఎక్కడం అంత కష్టం కాదు. ఎదురుగాలిలో తొక్కీ తొక్కీ మన కాళ్ళు గట్టిపడే ఉంటాయి. మనకి రానిది దిగడం. మన ఊళ్ళలో అన్నిటికన్నా ఎత్తైన చోటు ఏటిగట్టే. అది దిగడానికి నాలుగైదు సెకన్లు చాలు. ఏడెనిమిది కిలోమీటర్లు ఆగకుండా పల్లంలోకి పోతూ, మలుపు మలుపుకీ బండిని అదుపులో పెట్టుకోవడం మన చేతులకి అలవాటు లేదు. నాకు తెలిసినవాళ్ళలో కొండ మీద దెబ్బలు తగిలించుకున్న ప్రతి ఒక్కరూ దిగేటప్పుడే పడ్డారు. నేనూ అంతే. అందుకే నేను చెప్పే దారులన్నీ దిగడం నేర్చుకునే వరసలో ఉంటాయి.

బండి

కొత్తది కొనాలంటే ముందు బ్రేకులు చూడండి. గేర్లు ఎన్ని అన్నది తర్వాత. కేబుల్‌తో పనిచేసే డిస్క్ బ్రేకులు మొదలుపెట్టడానికి సరిపోతాయి. ఆయిల్‌తో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకులైతే ఒక్క వేలితో ఆగుతుంది కాబట్టి ఘాట్ రోడ్డులో చేతులు లాగెయ్యవు. రిమ్మును రబ్బరు ముక్కలు పట్టుకునే పాత రకం బ్రేకులతో మాత్రం ఘాట్ దిగొద్దు. రిమ్ము వేడెక్కితే లోపల ట్యూబు పేలిపోయే ప్రమాదం ఉంది.

ఈ వేడి సంగతి నా వృత్తి లెక్కలో చెబుతాను. మనిషి, బండి, నీళ్ళు, సంచి అన్నీ కలిపి 90 కిలోలు అనుకోండి. వంద మీటర్ల దూరానికి 8 మీటర్లు దిగే వాలులో, గంటకు 18 కిలోమీటర్ల వేగం దాటకుండా బ్రేకు పట్టుకుని దిగుతున్నారనుకోండి. అప్పుడు సెకనుకి సుమారు 350 జౌళ్ళ శక్తి, అంటే 350 వాట్లు, చాలా వరకు వేడిగా ఆ రెండు చిన్న డిస్కుల్లోకే పోతుంది. అర హార్స్‌పవర్ మోటారు ఇచ్చే పని అంత. నీళ్ళు లేకుండా తిరిగిన మోటారు వైండింగు ఎలా మాడుతుందో నేను రోజూ చూస్తాను. బ్రేకు ప్యాడూ అలాగే మాడుతుంది. వాసన కూడా కాస్త అలాగే ఉంటుంది.

గేర్ల విషయంలో ఒక్క లెక్క చూసుకోండి. ముందు చిన్న పళ్ళచక్రానికి 22 పళ్ళు, వెనక పెద్దదానికి 34 పళ్ళు ఉంటే, నిమిషానికి 60 సార్లు తొక్కినా బండి గంటకు ఐదు కిలోమీటర్ల పైచిలుకే పోతుంది. నడకతో సమానం. కొండకి కావలసింది అదే. ముందు ఒక్కటే చక్రం ఉన్న బండి అయితే అది 32 పళ్ళకి మించకుండా, వెనక కనీసం 42 పళ్ళు ఉండేలా చూసుకోండి.

టైరు వెడల్పు 2.1 అంగుళాలు మన దారులన్నిటికీ సరిపోతుంది. గాలి మాత్రం దారిని బట్టి మార్చాలి. నా బరువు 74 కిలోలు. తారు రోడ్డు మీద 40 పీఎస్ఐ పెడతాను, ఎర్ర గ్రావెల్ మీద 30కి దించుతాను. ఇసుకలోకి వెళ్తే ఇంకొంచెం తగ్గిస్తాను, బయటికి రాగానే మళ్ళీ కొట్టుకుంటాను. గాలి తక్కువగా ఉన్న టైరుతో రాయి మీదకి ఎక్కితే రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబు నలిగి రెండు చిల్లులు పడతాయి. చేతిపంపు, రెండు ట్యూబులు, ప్యాచీలు, చైను లింకు, ఆలెన్ కీలు లేకుండా గోకవరం దాటొద్దు. సర్కారు తుమ్మ ముల్లు మన గట్ల మీదా, మెట్ట మీదా ఎక్కడైనా ఉంటుంది. టైరులో సీలెంట్, అంటే చిన్న చిల్లుల్ని దానంతట అదే పూడ్చే ద్రవం, పోయించుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

హెల్మెట్ గురించి నేను వాదించను. అది లేకుండా వచ్చినవాళ్ళతో నేను బయల్దేరను.

గట్టు మీద మొదటి నెల

మొదటి దారి ఇంటి దగ్గరే ఉంది. రావులపాలెం నుంచి గట్టు పట్టుకుని లొల్ల లాకులు, వాడపల్లి, ఆత్రేయపురం మీదుగా బొబ్బర్లంక వెళ్ళండి. అక్కడి నుంచి బ్యారేజీ మీదుగా పిచ్చుకలంక దాటి ధవళేశ్వరం చేరి, మళ్ళీ అదే దారిలో వెనక్కి రండి. కాటన్ దొర 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేశాడు. ఇప్పుడు మనం దాటే బ్యారేజీ తర్వాత కట్టింది. నదికి అడ్డంగా ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా ఉంటుంది. తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరితే బ్యారేజీ మీద సూర్యోదయం చూడొచ్చు. శనివారం మాత్రం ఈ దారి వద్దు. వాడపల్లి వెంకన్న దర్శనానికి ఏడు శనివారాల మొక్కుతో వచ్చే జనంతో గట్టంతా నిండిపోతుంది. కాళ్ళకి చెప్పులు లేకుండా నడిచే వాళ్ళ మధ్య సైకిల్ తొక్కడం వాళ్ళకీ మనకీ ఇబ్బందే.

ఈ దారిలో వేగం నేర్చుకోవద్దు. చూపు నేర్చుకోండి. గట్టు మీద గేదెలు అడ్డొస్తాయి, ఎండబెట్టిన ధాన్యం ఉంటుంది, సగం రోడ్డు దాకా కొబ్బరి కాయల రాశి ఉంటుంది. పది గజాల ముందు చూసేవాడికి బ్రేకు వెయ్యాల్సిన అవసరమే తగ్గిపోతుంది. మా నాన్న మాటకి అర్థం నాకు కొండ మీద తెలిసింది, కానీ అలవాటైంది మాత్రం ఈ గట్టు మీదే.

వర్షాకాలంలో రెండు జాగ్రత్తలు. ఒకటి, తారు లేని గట్టు మీద నల్లమట్టి తడిస్తే టైరుకీ ఫోర్కుకీ మధ్య ముద్దగా పట్టేసి చక్రం తిరగదు. బలవంతంగా తొక్కితే గేరు మార్చే డీరైలర్ విరుగుతుంది. అప్పుడు దిగి, పుల్లతో గీకి, భుజాన వేసుకుని నడవడమే. రెండోది గోదావరి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక వినబడిన రోజు నుంచీ లంకల దారులు మర్చిపోండి. రెండోది వస్తే ఏటిగట్టు మీదకి కూడా సరదాగా వెళ్ళొద్దు. ఆ రోజుల్లో గట్టు మీద ఇసుక బస్తాలు మోసేవాళ్ళు, పశువుల్ని తోలుకొచ్చేవాళ్ళు ఉంటారు. 1986 ఆగస్టు వరదకి మా నాన్న మూడు రాత్రులు ఇంటికి రాలేదు. గట్టు మీదే ఉన్నాడు. అప్పుడు ఆ గట్టు ఊరి ప్రాణం, మనం తొక్కే దారి కాదు.

వేసవిలో కాలువలు కట్టేశాక, జూన్‌లో మళ్ళీ నీళ్ళు వదిలేదాకా గట్లు పొడిగా గట్టిగా ఉంటాయి కానీ పూడికతీత పనులు జరుగుతుంటాయి. పొక్లెయిన్ కనబడితే దిగి పక్కన నడవండి.

గాలే మన కొండ

ఎక్కడం ప్రాక్టీసుకి కొండ అక్కర్లేదు, ఎదురుగాలి చాలు. మార్చి నుంచి మే వరకు సాయంత్రాలు సముద్రం మీంచి పైరగాలి వస్తుంది. కొత్తపేట నుంచి అమలాపురం వైపు, అక్కడి నుంచి ఓడలరేవు వైపు నాలుగింటప్పుడు తొక్కండి. గంటకు 20 కిలోమీటర్ల ఎదురుగాలిలో 15 కిలోమీటర్ల వేగంతో తొక్కుతుంటే, గాలి లేని చోట వందకి 3, 4 మీటర్లు ఎత్తు ఎక్కుతున్నంత బలం పడుతుంది. పైగా కొండకి మలుపులో కాస్త విశ్రాంతి ఉంటుంది, గాలికి అది కూడా లేదు. గంటసేపు సీటు మీంచి లేవకుండా, ఊపిరి ఒకే తీరులో ఉండేలా, చిన్న గేరులో తొక్కండి. తిరుగు ప్రయాణంలో గాలి వెనక నుంచి తోస్తుంది. చీకటి పడేలోగా ఇంటికి చేరతారు.

వారానికి మూడు సాయంత్రాల చొప్పున రెండు నెలలు ఇలా చేస్తే మారేడుమిల్లి ఎక్కడానికి కాళ్ళు సిద్ధం. సముద్రం దగ్గర తొక్కి వచ్చిన ప్రతిసారీ చైను తుడిచి ఆయిల్ వెయ్యండి. ఉప్పుగాలికి రెండు రోజుల్లో తుప్పు మొదలవుతుంది.

దిగడం ప్రాక్టీసు: ఇసుక ర్యాంపుల దగ్గర

ఇక అసలు సంగతి. ఏటిగట్టు మీంచి నదిలోకి ఇసుక కోసం వేసిన ర్యాంపులు గౌతమి, వశిష్ఠ ఒడ్డున చాలాచోట్ల ఉన్నాయి. లారీలు తిరగని ర్యాంపు ఒకటి చూసుకోండి. లారీలు తిరిగే చోట ఈ ప్రాక్టీసు వద్దే వద్దు. గట్టు ఎత్తు రెండు నిలువులకి మించకపోయినా, ర్యాంపు ఏటవాలుగా ఉంటుంది, కంకర జారుతుంది, చివర్లో ఇసుక ఉంటుంది. ఘాట్ రోడ్డులో ఎదురయ్యేవన్నీ ఇక్కడ ఇరవై గజాల్లో దొరుకుతాయి. పడినా మోకాలు గీసుకుపోవడమే తప్ప లోయ లేదు.

మొదటి వారం సీటుని రెండు అంగుళాలు దించండి. గట్టు పైన ఆగండి. రెండు పెడల్సూ ఒకే ఎత్తులో, నేలకి సమానంగా పెట్టండి. ఒకటి కిందా ఒకటి పైనా ఉంటే కింద ఉన్నది రాయికి తగులుతుంది. పిరుదులు సీటు మీంచి లేపి కాస్త వెనక్కి జరగండి. మోచేతులు, మోకాళ్ళు వదులుగా ఉంచండి, బిగబట్టొద్దు. రెండు బ్రేకుల మీదా ఒక్కో వేలు, మహా అయితే రెండేసి వేళ్ళు. మిగతా వేళ్ళు హ్యాండిల్‌ని పట్టుకోవాలి. అప్పుడు వదలండి.

మన ఊళ్ళో సైకిల్ తొక్కే అందరికీ వెనక బ్రేకు ఒక్కటే పట్టుకునే అలవాటు. ముందు బ్రేకు వేస్తే బోర్లా పడతామని చిన్నప్పుడే చెప్పి భయపెడతారు. నిజానికి బండిని ఆపే బలం ఎక్కువగా ముందు చక్రానికే ఉంటుంది, ఎందుకంటే ఆగేటప్పుడు బరువంతా ముందుకి వస్తుంది. వెనకది ఒక్కటే పట్టుకుంటే చక్రం ఆగిపోయి జారుతుంది, బండి పక్కకి తిరుగుతుంది. ఒళ్ళు వెనక్కి ఉంచి, ముందు బ్రేకు మెల్లగా నొక్కుతూ పెంచితే బోర్లా పడరు. దీన్ని మాటలతో నమ్మొద్దు. ర్యాంపు మీద ఇరవై సార్లు చేస్తే చెయ్యి నమ్ముతుంది.

రెండో వారం ర్యాంపు మధ్యలో ఒక ఇటుక పెట్టి, దాని పక్క నుంచి వంపు తిరిగి దిగండి. ఇటుక కేసి చూస్తే ఇటుక మీదకే పోతారు. వంపు అయిపోయాక ఎక్కడికి వెళ్ళాలో అక్కడికి చూడండి. వంపుకి ముందే బ్రేకు వేసి వేగం తగ్గించుకుని, వంపులో బ్రేకు వదిలెయ్యాలి. వంపులో బ్రేకు వేస్తే కంకర మీద టైరు పట్టు తప్పుతుంది. చివర్లో ఇసుక వచ్చేసరికి బరువు వెనక్కి వేసి, హ్యాండిల్ తిప్పకుండా, పెడల్ ఆపకుండా తొక్కుకుంటూ దాటాలి.

మూడో వారం, బ్రేకు పట్టుకుని ఉండకుండా నొక్కి వదలడం. గట్టిగా రెండు సెకన్లు, వదిలి మూడు సెకన్లు. వదిలిన ఆ మూడు సెకన్లలోనే డిస్కుకి గాలి తగిలి చల్లబడుతుంది.

నేను పడింది ఈ మూడో పాఠం తెలియకే. 2016 డిసెంబరు. మారేడుమిల్లి దాటి చింతూరు వైపు ఘాట్ దిగుతున్నాం, నేనూ మా బావమరిదీ. వేగం అంటే భయం వేసి మొదటి నుంచీ రెండు బ్రేకులూ పట్టుకునే ఉన్నాను. మూడు కిలోమీటర్లు దిగేసరికి వైండింగు మాడిన వాసన వచ్చింది. షాపులో ఆ వాసన వస్తే చెయ్యి దానంతట అదే స్విచ్ మీదకి పోతుంది. అక్కడ మాత్రం దాన్ని నా బండితో కలుపుకోలేదు. ముందు ఏదో లారీ పోయిందేమో అనుకున్నాను. తర్వాతి మలుపులో బ్రేకు నొక్కితే చెయ్యి హ్యాండిల్ దాకా పోయింది కానీ బండి ఆగలేదు. లోయ వైపు పోకుండా కొండ వైపు కాలువలోకి తిప్పాను. భుజం దగ్గర కాలర్ బోన్ విరిగింది. "బావా, లేవకు, అలాగే ఉండు" అని మావాడు అరవడం గుర్తుంది. పైకి వచ్చే జీపుని ఆపి రంపచోడవరం తీసుకొచ్చారు. ఆరు వారాలు చెయ్యి కదపలేదు, షాపు మూసేశాను.

వాసన రాగానే ఆగి ఉంటే పది నిమిషాలు పోయేవి, అంతే. కాబట్టి ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి: ఘాట్‌లో వాసన వచ్చినా, బ్రేకు లివరు ముందుకంటే దగ్గరికి వస్తున్నా, డిస్కు కీచుమన్నా వెంటనే దిగి బండి పక్కన పెట్టండి. డిస్కు ముట్టుకోవద్దు, చెయ్యి కాలుతుంది. నీళ్ళు కూడా పొయ్యొద్దు, వేడి డిస్కు వంకర పోతుంది. పావుగంట చెట్టు కింద కూర్చోండి.

మెట్ట

ర్యాంపు మీద చెయ్యి కుదిరాక రాజానగరం నుంచి ఏడీబీ రోడ్డు పట్టుకుని రంగంపేట, పెద్దాపురం వైపు రండి. డెల్టా నల్లమట్టి ఇక్కడ ఎర్రమట్టిగా మారిపోతుంది. జీడిమామిడి తోటలు, కర్రపెండలం చేలు, జామాయిల్ తోటలు, వాటి మధ్య ఎర్ర గ్రావెల్ బాటలు. పెద్దాపురంలో పాండవుల మెట్ట చూసి, ఆ చుట్టుపక్కల ఎత్తుపల్లాల మీద ఒక పూట తొక్కితే, ఎక్కడం దిగడం మార్చి మార్చి వస్తాయి. జామాయిల్ ఆకులు ఎండి పరుచుకున్న చోట తడి నేల మీద జారినట్టే జారుతుంది. గ్రావెల్ తవ్విన గుంతల అంచుకి పోవద్దు, ఆ అంచు లోపల ఖాళీగా ఉండొచ్చు. టిప్పర్లు వచ్చే బాట అయితే వదిలేసి వేరే బాట చూసుకోండి. తోటలోకి వెళ్ళేముందు కాపలా మనిషిని "వెళ్ళొచ్చా అండీ?" అని ఒక్క మాట అడగండి. నన్ను ఇంతవరకు ఎవరూ వద్దనలేదు.

రాజమండ్రి పక్కనే దివాన్‌చెరువు అడవి ఉంది కదా అని అడుగుతారు. అది రిజర్వు ఫారెస్టు. 2024 సెప్టెంబరులో ఆ పరిసరాల్లో చిరుత తిరిగింది, కడియం నర్సరీల దాకా వచ్చింది. ప్రాక్టీసుకి అది చోటు కాదు.

గోకవరం దాటాక

కోనసీమ నుంచి ఒకే రోజు మారేడుమిల్లి దాకా తొక్కాలనుకోవద్దు. బండిని ట్రాలీ ఆటోలోనో, ఒప్పుకుంటే బస్సు పైనో వేసి రాజమండ్రి చేరండి. అక్కడి నుంచి కోరుకొండ, గోకవరం మీదుగా రంపచోడవరం 60 కిలోమీటర్ల లోపే. కోరుకొండ నరసింహస్వామి కొండ కనబడగానే చదును నేల అయిపోయిందని లెక్క. గోకవరంలో టిఫిన్ చేసి, నీళ్ళు నింపుకుని, పంక్చర్ సామాను సరిచూసుకోండి. తర్వాత సైకిల్ ట్యూబు దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఫోన్ సిగ్నల్ కూడా చాలాచోట్ల ఉండదు. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. ఎన్నింటికి ఎక్కడ ఉంటారో ఇంట్లో కాగితం మీద రాసి ఇవ్వండి.

మొదటిసారి రంపచోడవరంలోనే ఆగండి. సాయంత్రం రంప గ్రామానికి వెళ్ళి పాత శివాలయం, జలపాతం చూసి రావచ్చు. చిన్న దూరం, నెమ్మదైన దారి. ఈ కొండల్లోనే 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు వెంట గిరిజనులు తిరగబడ్డారు. అడవిలోకి పోవడానికీ, పోడు కొట్టుకోవడానికీ పెట్టిన ఆంక్షలు, రోడ్డు పనుల్లో కూలి ఇవ్వకుండా చేయించిన చాకిరీ ఆ కోపానికి కారణం. మనం తొక్కుతున్న ఏజెన్సీ రోడ్ల వెనక ఆ చాకిరీ కథ ఉంది. నేను ఎక్కేటప్పుడు అది గుర్తొస్తుంది.

మర్నాడు పొద్దున్నే మారేడుమిల్లి. 27, 28 కిలోమీటర్లు. భూపతిపాలెం రిజర్వాయరు దాటాక అడవి చిక్కనవుతుంది. వెదురు, టేకు, మద్ది. ఎత్తులు ఒక్కసారిగా రావు, పైకి కిందకి ఊగుతూ వస్తాయి. ఎదురుగాలిలో తొక్కిన కాళ్ళకి ఇది కష్టం అనిపించదు. మీరే ఆశ్చర్యపోతారు. మూడు గంటలు పెట్టుకోండి, కోతుల గుంపుల దగ్గర ఆగొద్దు, తిండి చూపించొద్దు.

మారేడుమిల్లిలో గది ముందే చెప్పి ఉంచుకోవాలి. శని, ఆదివారాల్లో, ముఖ్యంగా కార్తీకం నుంచి సంక్రాంతి దాకా బొంగులో చికెన్ కోసం వచ్చే కార్లతో ఊరు నిండిపోతుంది. నేను మంగళ, బుధవారాల్లో వెళ్తాను. జలతరంగిణి, అమృతధార దగ్గర రాళ్ళు నాచు పట్టి ఉంటాయి. పెడల్‌కి బిగుసుకునే క్లీట్ బూట్లతో రాళ్ళ మీదకి దిగొద్దు.

చింతూరు వైపు ఘాట్ రోడ్డు సుమారు 45 కిలోమీటర్లు. నా సలహా, మొదటిసారి మొత్తం దిగొద్దు. టైగర్ క్యాంపు దాటి కొన్ని మలుపులు దిగి, వెనక్కి ఎక్కి రండి. ఎంత దిగితే అంతా ఎక్కాలి కాబట్టి, ఎంత దూరం పోవాలో కాళ్ళే చెబుతాయి. మలుపులో మీ పక్క ఎడమే. బస్సులు, లారీలు మలుపు తిరగడానికి రోడ్డంతా తీసుకుంటాయి. హారన్ వినబడితే మలుపుకి ముందే ఆగి దారివ్వండి. పొగమంచు ఉంటే తొమ్మిదింటి దాకా బయల్దేరొద్దు. వెనక ఎర్ర లైటు పగలైనా వెలుగుతూనే ఉండాలి.

గుడిసె పచ్చిక కొండలు ఆఖరి పాఠం. మారేడుమిల్లి నుంచి పుల్లంగి మీదుగా సుమారు 40 కిలోమీటర్లు. ఏ వేళల్లో పంపుతున్నారు, ఎంత రుసుము, సైకిల్‌కి అనుమతి ఉందా అని ముందురోజే అటవీశాఖ వాళ్ళని అడగండి. ఈ నియమాలు మారుతుంటాయి. సూర్యోదయం కోసం జీపులు చీకట్లోనే పైకి పోయి ఎండెక్కాక వరసగా దిగుతాయి. ఆ ఇరుకు దారిలో వాటికి ఎదురుపడకుండా, అవి దిగిపోయాక ఎక్కడం మేలు. నిటారు చోట్ల దిగి తోసుకుపోండి. నేను ఇప్పటికీ తోస్తాను. పైకి వెళ్ళాక గడ్డి మీద సైకిల్ ఎక్కించొద్దు. ఒక్క టైరు గాడి పడితే వానకి అది కాలువవుతుంది, మట్టి కొట్టుకుపోతుంది. ఆ గడ్డిలో పశువులు మేస్తాయి.

అడవిలో ఉండే తీరు

పాపికొండలు 1978లో అభయారణ్యం, 2008లో జాతీయ పార్కు అయ్యింది. పులి, చిరుత, అడవిదున్న తిరిగే చోటు. అనుమతి లేకుండా లోపలి బాటల్లోకి పోవడం 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం. మ్యాపులో సన్న గీత కనబడింది కదా అని తిరగొద్దు. చెక్‌పోస్టుల్లో ఆధార్ అడుగుతారు, దగ్గర ఉంచుకోండి. చీకటి పడ్డాక తొక్కొద్దు.

కొండరెడ్ల, కోయల ఊళ్ళ మీదుగా వెళ్ళేటప్పుడు దిగి నడవండి. రోడ్డు పక్కన కొండచీపుర్లు, చింతపండు, అడ్డాకులు ఆరబెట్టి ఉంటాయి. అవి వాళ్ళ నెలల కష్టం. ఫొటో తీసేముందు అడగండి. ఒకసారి చైను తెగి కూర్చుంటే ఒక కొండరెడ్డి తాత వచ్చి "ఏం బాబూ, బండి అలిగిందా?" అంటూ నా పక్కనే కూర్చున్నాడు. లింకు వేసేదాకా కదల్లేదు. "తాతా, నువ్వెళ్ళు" అంటే, "ఒక్కడివే ఉన్నావు కదా" అన్నాడు. ఇంటికి తీసుకెళ్ళి జావ పోశాడు. అప్పటి నుంచి అటు వెళ్తే ఆ ఇంటికి మా చెట్టు కొబ్బరికాయలు నాలుగు సంచిలో వేసుకుని వెళ్తాను. జీలుగు కల్లు కూడా ఆప్యాయంగా ఇస్తారు. దిగాల్సిన దారి ముందుంటే వద్దని దండం పెట్టండి, నొచ్చుకోరు.

వెళ్ళడానికి అక్టోబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. మార్చి తర్వాత ఎండుటాకులు, అడవి మంటలు. వానల్లో వాగులు పొంగుతాయి. మోకాలి పైకి నీళ్ళు పారుతుంటే సైకిల్ ఎత్తుకుని దాటడానికి ప్రయత్నించొద్దు, తగ్గేదాకా ఆగండి.

ఏజెన్సీలో మలేరియా ఉంది. సాయంత్రం పూర్తి చేతుల చొక్కా, దోమల మందు, పడుకోవడానికి దోమతెర. ఇంటికి వచ్చాక బ్రేకు ప్యాడ్లు విప్పి చూడండి, రేకు మీద మందం ఒక మిల్లీమీటరుకి దగ్గరైతే మార్చెయ్యండి. తర్వాత మూడు నాలుగు వారాల్లో జ్వరం వస్తే ఒళ్ళునొప్పుల జ్వరమే అనుకుని మాత్ర వేసుకోవద్దు. రక్తపరీక్ష చేయించుకోండి, డాక్టరుతో "ఏజెన్సీకి వెళ్ళొచ్చాను" అని తప్పకుండా చెప్పండి.